ఊ కొట్టే ముందు

పోయిన ఆదివారం ఏం చేశారు?

కాస్త ఆలోచించి చెప్పండి. పొద్దున టిఫిన్ ఏం తిన్నారో గుర్తుండొచ్చు. మధ్యాహ్నం ఎవరో వచ్చి వెళ్ళారు. సాయంత్రం ఏదో చూశారు, ఎక్కడికో వెళ్ళొచ్చారు. చివరికి "ఏముందండీ, గడిచిపోయింది" అంటారు. ఆ ఆదివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచీ ఎదురుచూసింది మీరే. తీరా వచ్చాక అది ఎటు పోయిందో మీకే తెలియదు.

బద్ధకం వల్ల ఇలా జరుగుతోందని అనుకోకండి. ఇలాంటి పుస్తకాలు కొని చదివేవాళ్ళలో బద్ధకస్తులు తక్కువ. పొద్దున లేచింది మొదలు రాత్రి నడుం వాల్చేదాకా క్షణం తీరిక లేనివాళ్ళే "నా బతుకు నా చేతిలో లేదు" అంటుంటారు. మరి ఎవరి చేతిలో ఉంది?

రోజు మొత్తంలో ఎన్నిసార్లు ఎవరో ఏదో అడుగుతారో, ఎన్నిసార్లు మనం ఊ కొట్టేస్తామో ఒకసారి చూడండి. అడిగేది మనిషే కానక్కర్లేదు. ఫోన్ మోగుతుంది, ఊ. ఆఫీసులో "ఇది కాస్త చూసిపెట్టండి" అంటారు, ఊ. బావగారు "మంచి ప్లాటు, నువ్వూ ఒకటి తీసుకో" అంటారు, ఊ. ఇలా కొట్టిన ఊలన్నీ పోగైతే నెల అయింది, ఏడాది అయింది. అందులో నిజంగా ఆలోచించి కొట్టినవి ఎన్ని?

జీవిత ధ్యేయాల గురించి, పదేళ్ళ ప్రణాళికల గురించి ఈ అధ్యాయంలో ఏమీ చెప్పబోవడం లేదు. అవన్నీ అందంగా రాసి గోడకు అంటించుకున్న ఇళ్ళలో కూడా ఆదివారాలు అలాగే గడుస్తున్నాయి. మనం పట్టుకోవలసింది ఊ కొట్టే ముందుండే చిన్న వ్యవధిని. దాన్ని పట్టుకున్నవాళ్ళకి మిగతా పని సులువవుతుంది.

1. మూడు రోజులు రాయండి, ఏదీ మార్చకండి

పది రూపాయల నోటుపుస్తకం చాలు. జేబులోనో హ్యాండ్‌బ్యాగ్‌లోనో పెట్టుకోండి. మూడు రోజులపాటు, ఒక పని వదిలి ఇంకో పనిలోకి మారినప్పుడల్లా టైము, పని, ఒక్క ముక్కలో రాయండి. వాటిలో రెండు పనిరోజులు, ఒకటి సెలవు రోజు ఉంటే మరీ మంచిది. ఇప్పుడే బాగుపడిపోవాలని మాత్రం చూడకండి. మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి.

ఇద్దరు పిల్లలున్న ఒక టీచరమ్మ పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుందనుకోండి:

5.40 – అలారం ఆపుదామని ఫోన్ తీశాను. 6.05కి పక్కన పెట్టాను. చెల్లెలి స్టేటస్, బంగారం ధర, ఎవరిదో వంటగది.
7.15 – చిన్నాడి సాక్సు కనబడలేదు. అరిచాను.
1.10 – డబ్బా తిన్నాను. పేపర్లు దిద్దుతూ. కూర ఏమిటో గుర్తు లేదు.
4.30 – వార్షికోత్సవం పని చూడమన్నారు. సరేనన్నాను.
9.50 – పది నిమిషాలు చూద్దామని ఫోన్. 11.20.

ఇందులో మీకేం కనిపించింది? రాత్రి ఫోన్ అందరికీ కనిపిస్తుంది. నన్నడిగితే అసలు సంగతి 7.15 దగ్గరుంది. చిన్నాడి మీద అరుపుకి కారణం సాక్సు అని ఆవిడ అనుకుంటోంది. 5.40కి పోయిన ఇరవై అయిదు నిమిషాలే 7.15కి అరుపై బయటికొచ్చాయి. కాగితం మీద ఒకదాని కింద ఒకటి పడేదాకా ఆ రెండింటికీ సంబంధం ఉందని తట్టదు. అలాగే 4.30 చూడండి. "సరేనన్నాను" అని ఒక్క మాటలో తేల్చేసింది. ఆ ఒక్క మాట ఎన్ని సాయంత్రాలు తినబోతోందో ఆ పూట లెక్క వేయలేదు.

ఫోన్ విషయంలో మన జ్ఞాపకాన్ని నమ్మడానికి లేదు. ఆండ్రాయిడ్‌లో అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో అయితే స్క్రీన్ టైమ్ తెరవండి. ఏ యాప్‌లో ఎంతసేపున్నారో, రోజుకి ఎన్నిసార్లు ఫోన్ తీశారో అదే చెబుతుంది. ఆ అంకెను కూడా రాత్రి పుస్తకంలో వేయండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఖరీదైన డైరీ కొనడం. మంచి డైరీలో మంచి విషయాలే రాయాలనిపిస్తుంది. రెండోది, "ఒకటో తారీకు నుంచి మొదలెడతా" అనడం. ఇవాళ తేదీ ఎంతైనా సరే, మూడు రోజుల్లో అయిపోయే పని ఇది.

2. రోజూ చేసే ఒక్క పనిని పట్టుకోండి

గిన్నెలు తోమడం, పాపకు జడ వేయడం, బండి తుడవడం, దోసెలు పోయడం. ఇంట్లో ఎలాగూ మీరే చేసే పని, పది నిమిషాల్లో అయిపోయేది ఒకటి ఎంచుకోండి. అది చేసేంతసేపూ అదే చేయండి. చెవిలో పాట వద్దు. పక్కన వీడియో వద్దు. మనసులో రేపటి మీటింగ్ కూడా వద్దంటే, అది మాత్రం మాట వినదు, వచ్చేస్తుంది. వచ్చిందని తెలుసుకుని మళ్ళీ పనిలోకి రండి. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు రండి. అంతకుమించి ఇందులో రహస్యమేమీ లేదు.

దోసెనే తీసుకుందాం. పెనం మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే చుయ్ మంటూ పరుగెత్తాలి. గరిటెడు పిండి నడిమధ్య పోసి లోపలి నుంచి బయటికి తిప్పుతారు. ముందు పైనంతా చిన్న చిన్న కన్నాలు పడతాయి. తెల్లటి తడి పోయి మెరుపు తగ్గుతుంది. తర్వాత ఒక పక్క అంచు తనంతట తానే పెనాన్ని వదిలి పైకి లేస్తుంది. ఆ అంచు లేచే క్షణాన్ని మీరు ఈ మధ్య ఎప్పుడైనా చూశారా? ఏళ్ళ తరబడి దోసెలు పోస్తున్నవాళ్ళు కూడా మాడు వాసన వచ్చాకే పెనం వైపు తిరుగుతుంటారు.

దీనికీ జీవితాన్ని దిద్దుకోవడానికీ ఏమిటి సంబంధం అంటారా? దోసె అంచు లేవడం చూడటం అలవాటైన మనిషికే, తన నోట్లోంచి "సరే" బయటికి రాబోతుండటం కూడా తెలుస్తుంది. అందుకే తేలికైన చోట ముందు అలవాటు చేసుకోమంటున్నాను.

వియత్నాం బౌద్ధ భిక్షువు థిక్ నాట్ హాన్ గిన్నెలు కడగడం గురించి ప్రత్యేకించి రాశారు. ఇది అయిపోతే హాయిగా టీ తాగొచ్చని తొందరపడుతూ గిన్నెలు కడిగే మనిషి, ఆ టీ తాగేటప్పుడూ తర్వాతి పని గురించే ఆలోచిస్తాడని ఆయన పరిశీలన. మన ఇళ్ళలో పొద్దుటి కాఫీకి పడుతున్న గతి అదే.

"అయితే ఏదైనా ధ్యాన శిబిరానికి వెళ్ళమంటారా?" అని చాలామంది అడుగుతారు. హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గర, నాగార్జునసాగర్‌లో ధ్యాన గురువు గోయెంకా గారి పద్ధతిలో విపశ్యన అనే ధ్యానం నేర్పే కేంద్రాలున్నాయి. పది రోజుల శిబిరం. రుసుము తీసుకోరు. తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు. ఫోన్ ఉండదు, పుస్తకం ఉండదు, పక్కవాళ్ళతో మాట ఉండదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాస వచ్చిపోవడాన్ని గమనించడమే పని. కుదిరితే వెళ్ళండి, మంచిదే. కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ పది రోజులూ మిమ్మల్ని ఎవరూ చేబదులు అడగరు, పెళ్ళికి రమ్మనరు, ప్లాటు కొనమనరు. ఇంటికొచ్చిన మర్నాడే అవన్నీ ఉంటాయి. శిబిరంలో నిలబడిన మనసు మంగళవారం సాయంత్రం ఆరున్నరకి నిలబడుతుందా లేదా అన్నదే పరీక్ష.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాలలో ఒక పద్ధతి ఉంది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే బడి అది. ఆయన పుట్టింది కూడా మదనపల్లెలోనే, 1895లో. అక్కడ సాయంత్రం పిల్లలంతా ఒకచోట చేరి పొద్దు గుంకడం చూస్తూ మౌనంగా కూర్చుంటారు. అస్తాచల్ అంటారు దాన్ని. మంత్రం లేదు, ఆసనం లేదు. అక్కడిలా మనకి కొండలు లేకపోయినా మేడ ఉంటుంది. సాయంత్రం ఆరిన బట్టలు తీసుకురావడానికి పైకెళ్ళేటప్పుడు ఫోన్ కింద వదిలేసి వెళ్ళండి. ఈ వారానికి అంత చాలు.

3. ఊ కొట్టే ముందు ఒక రాత్రి అడగండి

ఈ అధ్యాయంలో ఇదే ముఖ్యం, ఇదే కష్టం కూడా. మనవాళ్ళకి కాదనడం చేతకాదు. చేతకాక కాదు, మొహమాటం. ఎదుటి మనిషి ముఖం చిన్నబోతుందేమోనని అప్పటికప్పుడు ఒప్పేసుకుంటాం, ఆ తర్వాత పదిహేను రోజులు మన ముఖం చిన్నబుచ్చుకుని తిరుగుతాం.

నియమం చాలా చిన్నది. గంటకన్నా ఎక్కువ సమయం తీసుకునేది, లేదా మీ ఇంటి లెక్కలో కాస్త పెద్దదనిపించే మొత్తం ఖర్చయ్యేది ఏదైనా, అడిగిన పూటే జవాబు చెప్పకండి. 2,000 అయినా 5,000 అయినా ఆ గీత మీరే గీసుకోండి. "ఇంట్లో ఓ మాట అనుకుని రేపు పొద్దున చెప్తానండీ" అనండి. రేపు పొద్దున నిజంగానే ఫోన్ చేసి చెప్పండి. ఆ రెండో భాగం మర్చిపోతే ఈ నియమం మీ పరువు తీస్తుంది.

అడిగినవాళ్ళు ఆ ఒక్క రాత్రి కూడా ఇవ్వకపోతే? "ఇవాళే ఆఖరు, రేపటికి రేటు పెరుగుతుంది" అంటే? అప్పుడు మీరు రాత్రంతా ఆలోచించే శ్రమ కూడా అక్కర్లేదు. వద్దనేయొచ్చు.

ఇక బంధువులు. సాయంత్రం ఏడింటికి ఫోన్ మోగింది. పిన్ని.

"ఏమ్మా, వచ్చే శుక్రవారం మా చిన్నదాని సీమంతం. నువ్వు గురువారమే వచ్చెయ్యాలి. వంటదీ నువ్వే చూసుకోవాలి."

అలవాటు ప్రకారం నోట్లోకి వచ్చేది "అలాగే పిన్నీ". గురువారం పిల్లాడి పరీక్ష సంగతి ఫోన్ పెట్టేశాక గుర్తొస్తుంది. అక్కడి నుంచి మొదలు: ఇంట్లో గొడవ, ఆఫీసులో సెలవు చీటీ, దారి పొడుగునా పిన్ని మీద విసుగు. ఆవిడ చేసిన తప్పేమిటి పాపం, అడిగింది. అడగడం ఆవిడ వంతు.

అదే ఇలా అని చూడండి: "ఎంత మంచి మాట చెప్పావు పిన్నీ! శుక్రవారం పొద్దున్నే వచ్చేస్తాను, భోజనాలయ్యేదాకా ఉంటాను. గురువారం మాత్రం రాలేను."

"అవున్లే, పెద్ద ఉద్యోగస్తురాలివి."

అసలైన క్షణం ఇదే. ఇక్కడే అందరూ జారిపోతారు. ఆ దెప్పిపొడుపుకి తట్టుకోలేక "సరేలే పిన్నీ, ఎలాగోలా వస్తా" అనేస్తారు. మీరు అనకండి. కోపం తెచ్చుకోకండి, సంజాయిషీ ఇవ్వకండి. "నీ చేతి పులిహోర కోసమైనా శుక్రవారం అందరికన్నా ముందుంటాలే" అని నవ్వేయండి. ఆవిడ రెండు రోజులు అలుగుతుంది. శుక్రవారం మీరు చెప్పిన వేళకి గుమ్మంలో కనబడితే ఆ అలక తీరిపోతుంది. కాదన్న మాట కన్నా, అవునని చెప్పి సగం మనసుతో రావడమే బంధుత్వాలను ఎక్కువ చెడగొడుతుందని నా అభిప్రాయం.

కాదనేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. అబద్ధం చెప్పడం మొదటిది. జ్వరమని చెప్పాక ఆ జ్వరాన్ని వారం పాటు మోయాలి, పైగా పరామర్శకి వచ్చినవాళ్ళకి కాఫీ పెట్టాలి. రెండోది, కారణాలు ఏకరువు పెట్టడం. మీరు నాలుగు కారణాలు చెబితే అవతలివాళ్ళు నాలుగింటికీ ఉపాయం చెబుతారు. అన్నిటికన్నా చెడ్డది "చూద్దాంలే" అనడం. మీ మనసులో అది కాదనే. అవతల పిన్ని మాత్రం మీకోసం గురువారం రాత్రి పక్క కూడా సిద్ధం చేసి ఉంచుతుంది.

ఆఫీసులో పై అధికారితో "రేపు చెప్తా" అంటే కుదరదు. అక్కడ పద్ధతి వేరు: "చేస్తాను సార్. ఇది సాయంత్రానికి కావాలంటే ఆ రిపోర్టు రేపటికి జరుగుతుంది. ఏది ముందు కావాలో చెప్పండి." కాదన్నట్టు ఉండదు, మీ చేతిలో ఇప్పటికే ఉన్న పని ఆయనకి కనబడుతుంది.

ఇంకో విషయం మీ మూడు రోజుల పుస్తకంలో వెతకండి. మీరు నిజంగా ఎవరికి కాదంటున్నారు? చాలామంది పుస్తకాల్లో బయటివాళ్ళందరికీ "సరే", ఇంట్లోవాళ్ళకి "తర్వాత" అని కనబడుతుంది. "నాన్నా, ఒక్కసారి ఇది చూడవా" అంటే తర్వాత. "ఏమండీ, డాక్టరు దగ్గరికి వెళ్దామా" అంటే వచ్చే వారం. "అబ్బాయ్, ఒక్కరోజు వచ్చి వెళ్ళు" అని అమ్మ అంటే ఈ నెల కుదరదమ్మా. కారణం తెలిసిందే. మొహమాటం లేనిది వాళ్ళ దగ్గరే. బయట ఒక్క ఊ తగ్గించుకుంటే ఆ ఖాళీ ఎవరికి ఇవ్వాలో ముందే పేరు రాసి పెట్టుకోండి. లేకపోతే అది ఫోన్‌కి పోతుంది.

ఇంతవరకు చదివాక కొందరికి ఒళ్ళు మండుతూ ఉండొచ్చు. పొద్దున అయిదింటికి లేచి అత్తమామలకీ, పిల్లలకీ, మొగుడికీ చేసిపెట్టి, తానూ ఉద్యోగానికి వెళ్ళి వచ్చి మళ్ళీ వంటింట్లోకి దూరే ఆవిడకి, రెండు షిఫ్టులు చేసే సెక్యూరిటీ గార్డుకి, ఆర్డర్ల మీద బండి నడిపే కుర్రాడికి ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి? సరైన ప్రశ్నే. అంతా మీ చేతుల్లోనే ఉందని చెప్పే పుస్తకాలు చూసినప్పుడు, అవి రాసేవాళ్ళ ఇంట్లో వంట ఎవరు చేస్తారో అడగాలనిపిస్తుంది నాకు. అంతా మన చేతిలో ఉండదు. కొందరి చేతిలో చాలా తక్కువ ఉంటుంది. అలాంటివాళ్ళు దోసె దగ్గర, బస్సులో కిటికీ పక్కన మొదలుపెట్టొచ్చు. కానీ అక్కడితో సరిపెట్టుకోమని నేను అనను. ఇంట్లో పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఎదురుగా ఎవరు చేస్తున్నారో వేసి, అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు మధ్యలో పెట్టండి. ఓపికగా పనిచేసే మనిషి ఇంకాస్త ప్రశాంతంగా పనిచేయడం నేర్చుకోవాలని చెప్పడం నా ఉద్దేశం కాదు. కొన్ని ఇళ్ళల్లో మారవలసింది పని పంపకం.

4. "రోజూ" అనే మాట తీసేయండి

"రోజూ నడవాలి." "రోజూ చదవాలి." ఇలా రాసుకున్నవి ఎన్నాళ్ళు సాగాయి? పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ విషయం మీద 1990ల నుంచి చాలా ప్రయోగాలు చేశారు. ఒక పని చేయాలని ఊరికే అనుకున్నవాళ్ళ కన్నా, అది ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందే తేల్చుకున్నవాళ్ళే ఎక్కువగా చేస్తున్నారని వాటిలో తేలింది.

కాబట్టి వాక్యాన్ని ఇలా మార్చండి: "రాత్రి అన్నం తిని కంచం కడగగానే చెప్పులేసుకుని వీధి చివర గుడి దాకా వెళ్ళొస్తాను." కంచం రోజూ ఎలాగూ కడుగుతారు. ఆ పనే మీకు గుర్తు చేస్తుంది. "పొద్దున అలారం ఆపగానే ఫోన్ బీరువా మీద పెట్టి మొహం కడుక్కుంటాను." "ఫ్యామిలీ గ్రూపులో ఎవరైనా వాదన మొదలుపెడితే ఫోన్ బోర్లించి లేస్తాను." ఆ గ్రూపులను శాశ్వతంగా మ్యూట్ చేసే సదుపాయం వాట్సాప్‌లో ఉంది. మ్యూట్ చేసినట్టు అవతలివాళ్ళకి తెలియదు కూడా, భయపడకండి.

ఒక నెలకి ఒక్క వాక్యం. అయిదు రాసుకుంటే అయిదూ పోతాయి.

5. పెద్ద సంతకానికి ముందు ఒక కాగితం

ప్లాటు, కారు, ఇంజనీరింగ్ సీటు, ఊరు మారే ఉద్యోగం. వీటి దగ్గర ఒక్క రాత్రి సరిపోదు. ఇక్కడ మన చేత ఊ కొట్టించేది ఒక మనిషి కాదు, చుట్టూ ఉన్న నలుగురు. పక్క సీటు ఆయన కొన్నాడు, వదిన వాళ్ళ అబ్బాయి ఎం.పీ.సీ. తీసుకున్నాడు, కాలనీలో అందరి పిల్లలూ అమెరికాలో ఉన్నారు.

నిర్ణయం తీసుకునే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: ఇది నాకు ఎందుకు కావాలి, దీనికోసం ఏం వదులుకుంటున్నాను, ఇది నలుగురికీ తెలియకుండా చేయాల్సి వస్తే అప్పుడూ చేస్తానా. కింద తేదీ వేయండి.

ఒక ఉదాహరణ. నెలకు 60,000 జీతం వచ్చే ఆయన, ఊరికి దూరంగా ఉన్న వెంచర్‌లో ప్లాటు కోసం 20 లక్షలు అప్పు చేద్దామనుకుంటున్నాడు. 9 శాతం వడ్డీ, 15 ఏళ్ళ గడువు అనుకుంటే నెలకు కట్టేది దాదాపు 20,300 రూపాయలు. 180 నెలలు. మొత్తం కట్టేది 36 లక్షలు దాటుతుంది. జీతంలో మూడో వంతు పోతుంది. ఇక్కడివరకు బ్యాంకువాళ్ళే లెక్క వేసి ఇస్తారు. వాళ్ళు వేయనిది ఒకటుంది. ఆ మూడో వంతు పూడ్చుకోవడానికి ఆయన శనివారాలు ట్యూషన్లు చెప్పాలి. అంటే పిల్లకు ఇప్పుడు ఏడేళ్ళయితే, ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా శనివారం నాన్న ఉండడు. "వదులుకునేది" అన్న చోట ఇది రాయాలి.

రాశాక కూడా కొనొచ్చు. తప్పేమీ లేదు. అద్దె ఇళ్ళల్లో పెరిగిన మనిషికి తన పేర నేల ఉండటం శనివారాల కన్నా విలువైనదే కావచ్చు. అది ఆయన తూకం. తూచి కొన్నాడా, పక్క సీటు ఆయన్ని చూసి కొన్నాడా అన్నది ఆ కాగితం చెబుతుంది. ఏడాది తర్వాత తీసి చదివితే మరీ బాగా చెబుతుంది.

పిల్లల చదువు విషయంలో ఆ కాగితం పిల్లల చేత రాయించండి. మీరు పక్కన కూర్చుని చెప్పి రాయించకండి.

6. రాత్రి లెక్క, రెండు నిమిషాలు

రెండు వేల ఏళ్ళ కిందట రోములో సెనెకా అనే తత్వవేత్త ఉండేవాడు, నీరో చక్రవర్తికి గురువు. రాత్రి దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకున్నాక, ఆ రోజు చేసినవీ అన్నవీ ఒక్కొక్కటే తలచుకునేవాణ్ణని కోపం గురించిన తన గ్రంథంలో రాశాడు. తప్పు కనబడితే దాచుకోకుండా చూసి, ఇకమీదట చేయకు అని తనకు తానే చెప్పుకొని వదిలేసేవాడట. ఆ వదిలేయడమే మనం మర్చిపోతాం. రాత్రి లెక్క అనగానే చాలామంది తమ మీద తామే కేసు నడుపుకుని నిద్ర పాడుచేసుకుంటారు.

మీరు మూడే ప్రశ్నలు వేసుకోండి. ఇవాళ కావాలని చేసింది ఏది? మొహమాటానికి చేసింది ఏది? రేపు ఒక్కటి మార్చగలిగితే ఏది? ఒక్కోదానికి ఒక్కో ముక్క. మొదటి ప్రశ్నకి "ఏమీ లేదు" అని వస్తే అదే రాసి పడుకోండి.

7. ఏడాదికోసారి మీ ఆదాయ వ్యయాలు

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని చెవులు రిక్కించి వింటాం. వినండి. ఆ సాయంత్రం మీ పుస్తకం తీసి, గడిచిన ఏడాదిలో ఎవరి దగ్గర సమయం ఖర్చయింది, దేనివల్ల మనసు నిండింది అనేవి కూడా అవే గళ్ళలో రాసుకోండి. రాబోయే ఏడాది సంగతి పంతులుగారు చెబుతారు, పోయిన ఏడాది మీ చేతిరాతలోనే ఉంది.

చివరగా, ఎక్కువగా వినబడే రెండు ప్రశ్నలు.

"వారం రోజులు రాయలేదు, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలా?" అక్కర్లేదు. ఆ ఖాళీ పేజీలను పూరించే ప్రయత్నమూ చేయకండి. ఇవాళ్టి తేదీ వేసి రాత్రి మూడు ప్రశ్నలకి జవాబు రాయండి. మూడు రోజుల లెక్క మాత్రం చేయకుండానే మూడో సూచనకి దూకిన వాళ్ళయితే వెనక్కి వెళ్ళండి. ఎక్కడ ఊ కొడుతున్నారో తెలియకుండా కాదనడం మొదలుపెడితే, కాదనకూడని వాళ్ళకే ముందు కాదంటారు.

"ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు, ఏం చేయాలి?" నవ్వనివ్వండి. మీ ఆయనకో, మీ ఆవిడకో ఈ పేజీ మడిచి ఇచ్చి "ఇది నీకోసమే రాసినట్టుంది" అని మాత్రం అనకండి. ఆ మాటతో ఎవరూ మారరు, రాత్రి అన్నం దగ్గర మాటలు ఆగిపోతాయి. నెల తిరిగాక వాళ్ళే "ఏం రాస్తున్నావు రోజూ?" అని అడుగుతారు. అప్పుడు చూపించండి, చూపించాలనిపిస్తేనే. వాళ్ళూ మొదలుపెడతానంటే ఇంకో పది రూపాయల పుస్తకం కొని ఇవ్వండి, మీది ఇవ్వకండి.